ప్రైమరీ పోయింది, దాని పీట మీద ఎవర్ని కూర్చోబెట్టాలి?

బరంపురంలో ఒక మందుల హోల్‌సేల్ కొట్టు డేటాబేస్ నేను చూస్తుంటాను. అక్కడి నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా సరుకు వెళ్తుంది. కౌంటర్లో తెలుగు, గోదాంలో ఒడియా, బిల్లు మీద ఇంగ్లీషు. ఒక అక్టోబరు మధ్యాహ్నం కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మూడోసారి వచ్చాక మెయిన్ సర్వర్, అంటే బిల్లులన్నీ ముందుగా రాసుకునే ప్రైమరీ, లేవలేదు. షావుకారు గారు ఫోన్ చేసి ఒకటే మాట అన్నారు: "మూడు కాపీలున్నాయన్నావు కదా, ఏదో ఒకటి లేపీ బాబూ. బయట ఆటోలు ఆగున్నాయి."

కాపీలు మూడున్న మాట నిజమే. ఒకటి అదే భవనంలో పక్క గదిలో, ఒకటి విశాఖలో అద్దెకు తీసుకున్న సర్వర్లో, ఒకటి పర్లాకిమిడి బ్రాంచిలో. కాకపోతే "ఏదో ఒకటి" అన్న దగ్గరే చిక్కంతా ఉంది. మూడూ ఒకే ప్రైమరీకి కాపీలే అయినా, ప్రైమరీ ఆగిపోయిన క్షణానికి మూడూ ఒకేలా లేవు.

ఎందుకు ఉండవో మన పాత కొట్టు లెక్కల్లో చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. చిట్టా, ఆవర్జా తెలుసు కదా. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో ఎక్కిస్తారు, తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వాళ్ళది దింపుతారు. మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ చేసేదీ ఇదే. మార్పు ఏదైనా ముందు వాల్ అనే లాగ్‌లో పడుతుంది. అది చిట్టా. టేబుళ్ళు ఆవర్జా. రెప్లికా అంటే ప్రైమరీ చిట్టాను అక్షరం పొల్లుపోకుండా తెప్పించుకుని, తన ఆవర్జాలో తానే దింపుకునే గుమాస్తా. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి ఈ చిట్టా నేరుగా నెట్‌వర్క్ మీద ధారగా వస్తోంది.

కాబట్టి ఒక్కో రెప్లికాను రెండు ప్రశ్నలు అడగాలి. చిట్టా ఎంతవరకు అందింది? ఆవర్జాలో ఎంతవరకు దింపావు? రెండిటికీ జవాబు ఎల్‌ఎస్‌ఎన్ అనే సంఖ్య రూపంలో వస్తుంది. చిట్టా మొదటి నుంచి ఎన్నో బైటు దగ్గర ఉన్నామో చెప్పే సంఖ్య అది.

ఈ అంకెలు చూసే ముందు నేను చేసింది వేరే పని. గోదాం కుర్రాడికి ఫోన్ చేసి, చచ్చిన సర్వర్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ పీకించాను. దాని మీద "ముట్టుకోవద్దు" అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన కాగితం అంటించమన్నాను. కొత్త ప్రైమరీని కూర్చోబెట్టాక పాతది దానంతటది లేస్తే, సగం కౌంటర్లు దానికీ సగం కౌంటర్లు దీనికీ బిల్లులు రాస్తాయి. రెండు చిట్టాలు తయారవుతాయి, రెండూ అసలైనవే. వాటిని కలిపే బటన్ ఎక్కడా లేదు. ఏ రెప్లికా అన్నది రెండో ప్రశ్న. పాతది నిజంగా చచ్చిందా, లేదా చంపామా అన్నది మొదటిది. ఈ వరస తిరగేసిన వాళ్ళను చాలామందిని చూశాను.

ఇక అంకెలు. పక్క గది రెప్లికాకి చిట్టా 5/58216918 దాకా అందింది, అంతా దింపేసింది కూడా. విశాఖ రెప్లికాకి 5/58219640 దాకా అందింది, కానీ దింపింది 5/58097240 వరకే. పర్లాకిమిడి రెప్లికాలో 'అందింది' గడి ఖాళీ. దింపింది మాత్రం 5/58214480 దాకా ఉంది.

ఫోన్లో వీటిని చూసిన షావుకారు గారి అబ్బాయి వెంటనే తేల్చేశాడు: "అన్నా, పక్క గదిది మొత్తం దింపేసింది, విశాఖది వెనకబడింది. పక్క గదిదే పెట్టీ." చాలామంది ఇలాగే అనుకుంటారు. అయితే ప్రమోట్ చేయమని చెప్పగానే రెప్లికా ముందు తన దగ్గరున్న చిట్టా అంతా దింపుకుంటుంది, ఆ తర్వాతే ప్రైమరీ అవుతుంది. దింపడం ఆలస్యమైతే పోయేది కాసేపు సమయం. చిట్టా అందకపోతే పోయేది బిల్లు. అందుకే పోల్చాల్సింది అందిన అంకెను.

పక్క గదిలో ఉన్నది విశాఖ కంటే వెనకబడడం ఏమిటని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. తర్వాత చూస్తే, రెండో కుదుపుకే ఆ గది స్విచ్ ఆగిపోయింది. ప్రైమరీ, బయటి లైను మాత్రం వేరే యూపీఎస్ మీద ఇంకాసేపు నడిచాయి. గోడకి అవతల ఉన్నదే దగ్గరిదనుకుంటాం గానీ, తీగ తెగితే అదే అందరికంటే దూరం.

తేడా ఎంత? 58219640లోంచి 58216918 తీసేస్తే 2,722 అని క్యాల్‌క్యులేటర్ చెప్తుంది. అది తప్పు. ఇవి పదహారు మూలంగా రాసే హెక్స్ సంఖ్యలు. ఆ రోజు వీటిలో అక్షరాలు లేకపోవడంతో మామూలు అంకెల్లా కనిపించి మోసం చేశాయి. సరిగ్గా లెక్కేస్తే తేడా 11,560 బైట్లు. ఎల్‌ఎస్‌ఎన్‌లు తీసివేయడానికి పోస్ట్‌గ్రెస్‌లో ఫంక్షన్ ఉంది, దాన్నే అడగడం మేలు. 11,560 బైట్లంటే ఎన్ని బిల్లులు? అది చెప్పలేం. చెక్‌పాయింట్ (అప్పటిదాకా జరిగిన మార్పులన్నీ డిస్క్ మీది ఆవర్జాలోకి చేర్చే ఘట్టం) తర్వాత ఒక పేజీని మొదటిసారి ముట్టుకుంటే పోస్ట్‌గ్రెస్ ఆ 8 కిలోబైట్ల పేజీ మొత్తాన్ని చిట్టాలో రాస్తుంది. అలా ఒక్క బిల్లే పది కిలోబైట్లు మింగవచ్చు, లేదా అందులోనే డజను బిల్లులు పట్టవచ్చు. బైట్లు వరస చెప్తాయి, నష్టాన్ని చెప్పవు.

విశాఖది దింపకుండా ఉన్నది సుమారు పదిహేను లక్షల ఎనభై వేల బైట్లు. మామూలుగా అయితే రెప్పపాటు పని. మరి ఎందుకు దింపలేదు? అకౌంటెంట్ గారు అక్కడ నెలాఖరు రిపోర్టు ఒకటి నడుపుతున్నారు. రిపోర్టు చదువుతున్న టేబుల్ వరసల్ని చిట్టా తుడిచేయబోతే రెండింటికీ తగువు వస్తుంది. మామూలు సెట్టింగులో రెప్లికా 30 సెకన్లు ఓర్చుకుని రిపోర్టును ఆపేస్తుంది. ఆయన రిపోర్టులు మధ్యలో తెగిపోతున్నాయని గోల పెడితే నేనే ఆ గడువు ఎత్తేసి 'ఎంతసేపైనా ఆగు' అని పెట్టాను. ఇప్పుడు ప్రమోట్ చేయాలంటే ముందు ఆ రిపోర్టును చంపాలి. ఆయనకు చెప్పకుండానే చంపాను. తర్వాత టీ ఇప్పించాను లెండి.

పర్లాకిమిడి సంగతి వేరే. అక్కడి వాళ్ళు "నెట్ రావట్లేదు" అనుకుని మెషీన్ ఆపి మళ్ళీ వేశారు. రెప్లికా కొత్తగా లేచి ప్రైమరీని వెతికితే ప్రైమరీ లేదు. చిట్టా ధార ఒకసారైనా మొదలవలేదు కాబట్టి 'అందింది' గడి ఖాళీ. దాన్ని చూసి ఆ రెప్లికా దగ్గర ఏమీ లేదనుకోకూడదు. రీస్టార్ట్ అయినప్పుడు అది తన డిస్క్ మీదున్న చిట్టా అంతా దింపుకునే ఉంటుంది. అందుకే అందిన అంకె, దింపిన అంకె రెండింట్లో ఏది పెద్దదైతే దాన్ని ఆ రెప్లికా స్థానంగా తీసుకోవాలి. ప్రైమరీ పోతే కొత్తదాన్ని తామే కూర్చోబెట్టే (ఫెయిలోవర్ చేసే) పాట్రోనీ లాంటి పరికరాలు లోపల చేసే లెక్క కూడా ఇదే.

సెకన్లలో చూపించే ల్యాగ్‌ను, అంటే వెనకబాటును, ఇలాంటప్పుడు నమ్మొద్దు. 'చివరి లావాదేవీ దింపి ఎంతసేపైంది' అన్న లెక్క, మధ్యాహ్నం భోజనాల వేళ బిల్లులు లేకపోయినా పెరుగుతూ పోతుంది. ఏ లోపం లేని రెప్లికా కూడా పావుగంట వెనకున్నట్టు కనిపిస్తుంది.

ఒకవేళ పర్లాకిమిడిదే అందరికంటే ముందుండి ఉంటే? అప్పుడు కూడా దాన్ని పెట్టేవాణ్ని కాదు. డిస్క్ చిన్నది, అది ఒక కారణం. అసలు కారణం ఇంకొకటి. ఆ యంత్రంలో లినక్స్ కొత్తది, ప్రైమరీలో పాతది. లినక్స్‌లో ఉండే జీలిబ్‌సీ అనే లైబ్రరీకి 2018లో వచ్చిన 2.28 వెర్షన్‌లో అక్షరాల వరస పద్ధతి మారింది. పోస్ట్‌గ్రెస్ మామూలుగా పేర్లను ఏ వరసలో పేర్చాలో ఆ లైబ్రరీనే అడుగుతుంది. ప్రైమరీ పాత వరసలో కట్టిన ఇండెక్స్ (పేరును త్వరగా వెతికే పట్టిక) బైటు బైటుగా ఇక్కడికి వస్తుంది, ఇక్కడి లైబ్రరీ దాన్ని కొత్త వరసలో వెతుకుతుంది. డిక్షనరీ ఒక వరసలో అచ్చేసి, చదివేవాడికి ఇంకో వరస నేర్పినట్టు. ఉన్న పేరు లేదంటుంది. లేదన్నాక అదే పేరుతో ఇంకో ఖాతా తెరవనిస్తుంది, ఒకే పేరు రెండుసార్లు రాకుండా ఆపే యూనిక్ ఇండెక్స్ ఉన్నా సరే. ఎర్రర్ రాదు. 15కి ముందు వెర్షన్లలో లాగ్‌లో ఒక్క ముక్క ఉండదు. నెల తర్వాత ఒక మెడికల్ షాపు రెండు ఖాతాల్లో కనిపించినప్పుడు గానీ బయటపడదు. ఇది సరిచేయాలంటే ప్రమోట్ చేశాక అక్షరాల మీదున్న ఇండెక్సులన్నీ మళ్ళీ కట్టాలి, ఆ పని జరుగుతున్నంతసేపూ ఆటోలు ఆగే ఉంటాయి. రిపోర్టులు చదువుకోవడానికి పనికొచ్చే ప్రతి రెప్లికా ప్రైమరీ కావడానికి పనికిరాదు. పనికిరానివాటికి ముందే ముద్ర వేసి ఉంచాలి. పాట్రోనీలో 'నోఫెయిలోవర్' అని ట్యాగ్ పెడతారు, అలాంటిదే అయిన రెప్‌ఎంజీఆర్‌లో ప్రాధాన్యం సున్నా చేస్తారు.

వెనకబడిన దాన్ని ప్రమోట్ చేస్తే పోయేది ఆ కాస్త డేటాయేనా అంటే, కాదు. పక్క గదిదాన్ని 5/58216918 దగ్గర ప్రైమరీ చేసి ఉంటే, విశాఖ రెప్లికా దాని వెనక నడవలేదు. తనకి తెలిసిన 11,560 బైట్ల చరిత్ర కొత్త యజమానికి తెలియదు. కొత్త దారి నువ్వున్న చోటికంటే వెనకే చీలిపోయిందని చెప్పి ఆగిపోతుంది. దాన్ని వెనక్కి తిప్పడమో మొదటి నుంచి మళ్ళీ కాపీ తీయడమో చేయాలి. అంటే ఒక ప్రైమరీ పోయిన రోజునే ఒక మంచి రెప్లికాను కూడా మన చేతులతో పడగొట్టినట్టు.

ఈ చీలికను పోస్ట్‌గ్రెస్ టైమ్‌లైన్ అంటుంది. మా వైపు వాళ్ళకి దీన్ని కొత్తగా చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1 దాకా బరంపురం, పర్లాకిమిడి, చీకాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాయి. ఆ రోజు ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, కాగితాలు రెండు దారులు పట్టాయి. 1930 నాటి దస్తావేజు ఇటు వాళ్ళకీ అటు వాళ్ళకీ చెల్లుతుంది. 1940లో ఇటు ఒక కాగితం, అటు ఒక కాగితం ఒకే నంబరుతో ఉన్నాయనుకోండి, నంబరు కలిసినంత మాత్రాన రెండూ ఒకటి కావు, నంబరు పెద్దదైనంత మాత్రాన ఒకటి రెండోదానికి కొనసాగింపూ కాదు. ఎల్‌ఎస్‌ఎన్‌లూ అంతే. ఒక రెప్లికాను ఎప్పుడో ఎవరో పొరపాటున ప్రమోట్ చేసి వదిలేసి ఉంటే దాని అంకె అందరికంటే పెద్దదిగా కనిపించవచ్చు, కానీ ఆ చరిత్ర మనది కాదు. అందుకే అంకెలు పోల్చేముందు అన్నీ ఒకే టైమ్‌లైన్ మీద ఉన్నాయో లేదో చూడాలి. చిట్టా ఫైలు పేరులో ఉండే ఇరవై నాలుగు అంకెల్లో మొదటి ఎనిమిది టైమ్‌లైన్‌వే.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్ళకు ఇదే కథ జీటీఐడీలతో నడుస్తుంది. 2013 నాటి 5.6 వెర్షన్ నుంచి ప్రతి లావాదేవీకీ, అది పుట్టిన సర్వర్ గుర్తుతో కలిపి ఒక నంబరు ఉంటుంది. అక్కడ పోల్చేది ఒక అంకెను కాదు, రెండు సమితులను. అవతలి వాళ్ళ దగ్గరున్నవన్నీ నా దగ్గర ఉన్నాయా అని చూడాలి. రెప్లికా మీద ఎవరైనా నేరుగా ఏదైనా రాసేసి ఉంటే ఆ దొంగ లావాదేవీ కూడా అందులోనే బయటపడుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది: సింక్రనస్ పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా? సగం నిజం. 2011లో 9.1తో ఇది వచ్చింది. రెప్లికా డిస్క్ మీద చిట్టా పడ్డాక గానీ ప్రైమరీ "బిల్లు అయింది" అనదు. మాలాంటి కొట్లలో ఎవరూ పెట్టరు, ఎందుకంటే లైను పోతే బిల్లింగే ఆగిపోతుంది. అందుకని ఇద్దరిలో ఎవరు ఒప్పుకున్నా చాలు అనే కోరం పద్ధతి వెర్షన్ 10లో, అంటే 2017లో వచ్చింది. మంచిదే, కానీ దాని మెలిక చాలామందికి ప్రైమరీ పోయిన రోజునే తెలుస్తుంది. ఇద్దరిలో ఒకరు చాలు అన్నాం కాబట్టి, ప్రతి బిల్లూ కనీసం ఒకరి దగ్గర తప్పకుండా ఉంటుంది. ఆ ఒకరు ఎవరో మాత్రం తెలియదు. పక్క గదిది మాట్లాడుతోంది, విశాఖది అందుబాటులో లేదు అనుకోండి. అప్పుడు పక్క గదిదాన్ని ధైర్యంగా ప్రమోట్ చేయడానికి లేదు, చివరి బిల్లుకి సాక్షి విశాఖే అయి ఉండొచ్చు. ఇద్దరినీ చూసి పోల్చేదాకా 'ఏమీ పోలేదు' అన్న హామీ చెల్లదు.

ఎంత పోతే ఒప్పుకుంటాం అన్నది పరికరాలకు కూడా ముందే చెప్పాలి. పాట్రోనీలో ఇది మామూలుగా 1 మెగాబైటు. అంతకంటే వెనకబడిన రెప్లికా పోటీలోకే రాదు. చిన్న కొట్టుకి మెగాబైటంటే బోలెడు బిల్లులు. పైగా ప్రైమరీ తన స్థానాన్ని పది సెకన్లకోసారి మాత్రమే నమోదు చేస్తుంది కాబట్టి, పోలిక కూడా కాస్త పాతబడిన అంకెతోనే జరుగుతుంది. మా దగ్గర ఇంకా చేత్తోనే ప్రమోట్ చేస్తాను. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. రెండు చోట్ల నుంచి నిజాయితీగా మెజారిటీ రాదు, సరైన మూడో చోటు లేకుండా ఆటోమేటిక్ పెడితే లైను తెగిన ప్రతిసారీ పీట మారుతుంది.

పీట తొందరగా మారితే ఏమవుతుందో 2018 అక్టోబరు 21న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌కి తెలిసింది. అమెరికా తూర్పు తీరంలో పాడైన నెట్‌వర్క్ పరికరం మారుస్తుండగా లింకు 43 సెకన్లు తెగింది. ఆ కాస్తలో ఆర్కెస్ట్రేటర్ అనే ఫెయిలోవర్ పరికరం పశ్చిమ తీరపు రెప్లికాలను ప్రైమరీలు చేసేసింది. తూర్పున అప్పటికే పడి, అటు అందని రాతలు కొన్ని మిగిలాయి. ఎక్కువ రద్దీ ఉన్న క్లస్టర్లలో (డేటాబేస్ సర్వర్ల గుంపుల్లో) ఒకదానిలో అవి 954. ఇంతలో పశ్చిమాన దాదాపు 40 నిమిషాల కొత్త రాతలు పడ్డాయి, ఇక వెనక్కి తిరగలేరు. మళ్ళీ అంతా సర్దుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. ఆర్కెస్ట్రేటర్ తనకి చెప్పినట్టే చేసింది. తూర్పున ఉన్న అప్లికేషన్ పశ్చిమ తీరం దాకా వెళ్ళి రాసి రావడం తట్టుకోగలదా అని ఎవరూ దానికి చెప్పలేదు.

మాకూ ఆ దెబ్బ చిన్నగా తగిలింది. బరంపురం నుంచి విశాఖ రైలు దారిన సుమారు 280 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకి 200 కిలోమీటర్లు పోతుంది, అంటే పోయి రావడానికి సుమారు మూడు మిల్లీసెకన్లు. మధ్యలో రూటర్లు తీసుకునేది వేరు. ఒక్క ప్రశ్నకి ఇదేం లెక్క కాదు. కానీ మా బిల్లింగ్ ప్రోగ్రాం ఒక్క బిల్లుకి పదుల కొద్దీ ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంది. పక్క గదిలో సర్వర్ ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. విశాఖ ప్రైమరీ అయ్యాక బిల్లు సేవ్ నొక్కి ఆగాల్సి వచ్చింది. ఆ రాత్రి పక్క గదిదాన్ని విశాఖ వెనక నడిపించి, అందుకున్నాక, బిల్లింగ్ ఆపి, పీట నెమ్మదిగా తిరిగి బరంపురం తెచ్చాను.

మరి పగలే పక్క గదిదాన్ని ఎందుకు పెట్టలేదంటే ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోజు గాలీవానా ఉంది, కరెంటు నమ్మేలా లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు బరంపురం చూసిన వాళ్ళెవరూ ఆ నెలలో ఒకే భవనాన్ని నమ్ముకోరు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లా కొండలు కూడా చూశాయి. ఎంత తాజాగా ఉన్న రెప్లికా అయినా, అరగంటలో దానికీ కరెంటు పోతే ప్రమోషన్ వృథా.

విశాఖది లేచాక బిల్లు నంబర్లు ఒక్కసారిగా ఇరవై ముందుకి దూకాయి. అబ్బాయి కంగారు పడ్డాడు, ఇరవై బిల్లులు పోయాయని. పోలేదు. సీక్వెన్స్ నంబర్లను, అంటే తానే వరసగా ఇచ్చే నంబర్లను, పోస్ట్‌గ్రెస్ ఒక్కొక్కటిగా చిట్టాలో రాయదు, 32 ముందుకి ఒకేసారి రాసుకుంటుంది. ఫెయిలోవర్ అయితే రాసుకున్న చివరి నంబరు తర్వాత నుంచి మొదలెడుతుంది. జీఎస్టీ నిబంధనల్లో ఇన్‌వాయిస్ నంబరు వరసగా ఉండాలి కాబట్టి ఆడిటర్‌కి ఒక ఉత్తరం రాసి పెట్టాం. మేలు కూడా జరిగింది: నిజంగా పోయిన బిల్లుల నంబర్లు కొత్తవాళ్ళకి దక్కలేదు. ప్రతిసారీ ఇలా కలిసి రాదు, ఆ రాసుకున్న ముక్కే పోయిన భాగంలో ఉంటే నంబర్లు గుద్దుకుంటాయి.

నిజంగా పోయినవెన్ని? కౌంటర్లో ఉన్న కార్బన్ కాపీలు ఒక్కొక్కటీ సరిచూస్తే విశాఖకి కూడా అందని బిల్లు ఒకటి తేలింది. దాన్ని చేత్తో ఎక్కించాం.

పాత సర్వర్‌లో పోయింది పవర్ సప్లై మాత్రమే, డిస్కులు బాగున్నాయి. మార్చాక దాన్ని రివైండ్ చేసి కొత్త ప్రైమరీ వెనక నిలబెడదామనిపిస్తుంది. 9.5 నుంచి అందుకు పరికరం ఉంది, నిమిషాల్లో అయిపోతుంది. కానీ చీలిన చోటు నుంచి పాతదాని దగ్గర మిగిలిన చరిత్రను తుడవడమే ఆ పరికరం పని. అందుకని ముందు మొత్తం డైరెక్టరీ కాపీ తీసి, ఆ కాపీని నెట్‌వర్క్ లేని చోట లేపి చూశాను. బిల్లులు ఒకటి కాదు, రెండు ఉన్నాయి. రెండోదానికి కార్బన్ కాపీ లేదు. డేటాబేస్‌లో కమిట్ అయ్యింది, అంటే ఖాయమైపోయింది, ప్రింటర్ దాకా వెళ్ళేలోపు కరెంటు పోయింది. గుణుపురం షాపు పేరు మీద సెలైన్ సీసాల బిల్లు.

ఆ షాపాయనకి ఫోన్ చేశాం. "మీ బిల్లు రాలేదని ఆ సాయంత్రమే ఇంకో ఏజెన్సీ దగ్గర ఎత్తేశానండి," అన్నాడు.